కార్జం తిన్న మందు

మలేరియా దేశం విడిచి పోతోందని సర్కారు చాటింపు వేసి పదేళ్లు దాటింది. మెదక్ దోమలకు మాత్రం ఆ కబురు అందినట్టు లేదు. పందొమ్మిది వందల డెబ్బై ఆరు వానాకాలంలో డాక్టర్ ఇంద్రకరణ్ దవాఖాన వరండా పొద్దున ఏడింటికే చలిజ్వరాలతో నిండిపోయేది. క్లోరోక్విన్ గోలీలు ఎక్కడా దొరకక, మూలన పడేసిన క్వినైన్ మళ్లీ బయటికి వచ్చింది. క్వినైన్ అంటే చేదు మిక్స్చర్. మిక్స్చర్ అంటే కంపౌండర్ జకరయ్య.

అతని పద్ధతి ఎప్పుడూ ఒకటే. పొడి తూచి, నాలుగు చుక్కల ఆసిడ్‌తో కరిగించి, కాచి వడగట్టిన నీళ్లు కొలిచి పోస్తాడు. గాజు కడ్డీతో కలిపి, కడ్డీ చివరి చుక్కను తన నాలుక మీద వేసుకుంటాడు. మొహం చిట్లించేంత చేదు తగిలితేనే అది సీసాలోకి పోతుంది. ఆ తర్వాత తెల్లకాగితం ముక్కను నిలువునా మడిచి కత్తెరతో గాట్లు పెడతాడు. విప్పితే అంచుల వెంట మెట్లు వస్తాయి. మైదా జిగురుతో సీసా పక్కన అంటిస్తే, అక్షరం రాని మనిషికి కూడా ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల కాగితాలు కత్తిరించాడో అతనికే తెలియదు. ఒక్క మెట్టు కూడా పెద్దదీ చిన్నదీ కాలేదని మాత్రం తెలుసు. ఆ మాట పైకి అనడు గానీ, లోపల దాని గురించి కొంచెం గర్వం ఉంది.

బుధవారం పొద్దున కిటికీ దగ్గర సీసాలు అందిస్తుంటే లోపలి నుంచి డాక్టరు పిలిచాడు.

"జకరయ్యా, గిట్ల రా."

లోపల రెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద రిచర్డ్ గొంగడి కప్పుకొని ముడుచుకున్నాడు. జకరయ్య చెల్లెలు ఎలిశిబా కొడుకు, ఇరవై ఆరేళ్లవాడు. లక్ష్మయ్య సేటు బస్సును పాపన్నపేట రూటులో నడుపుతాడు. నాలుగు రోజులుగా క్వినైన్ తాగుతున్నా చలి వచ్చే గంటకు చలి వస్తూనే ఉంది.

డాక్టరు చేతిలో గాజు గొట్టం ఉంది. అందులో రిచర్డ్ మూత్రం. రోగి క్వినైన్ తాగాడో లేదో చూడటానికి ఒక ద్రావకం ఉంటుంది. రెండు చుక్కలు వేస్తే చాలు, ఒంట్లో మందు ఉంటే గొట్టంలోది పాలలా తెల్లబడుతుంది. ఇది తెల్లబడలేదు. వెలుగుకు పట్టి చూస్తే అడుగున సన్నటి పొగ ఉందో లేదో అన్నట్టు ఉంది.

"ఏం కనవడ్తుంది నీకు?"

"ఏం లేదు సార్. నీళ్ల లెక్కనే ఉన్నది."

"నాకూ గట్లనే ఉన్నది. నాలుగు దినాల సంది మూడు పూటలు తాగినోని ఒంట్లకెల్లి క్వినైన్ ఎందుకు దిగలే?"

"నేనే తాపిచ్చిన సార్. నా కండ్ల ముంగటనే మింగిండు."

"మింగిండు సరే. మింగింది ఏంది?"

ఆ మాట మెల్లగా అని ఉంటే బాగుండేది. డాక్టరుకు మెల్లగా మాట్లాడే అలవాటు లేదు. వరండాలో దగ్గులు కూడా ఆగాయి. జకరయ్యకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మందు కాజేసి నీళ్లు కలిపావంటున్నాడు డాక్టరు.

"సార్, నేను చేతులు కడుక్కోకుండ సీసా ముట్టను. మీకు తెల్వదా?"

"నాకు తెలిసింది ఈ గొట్టంల ఉన్నది," అని డాక్టరు చెయ్యి చాపాడు. "అల్మారి చెవి ఇయ్యి."

మందుల బీరువా తాళంచెవి జకరయ్య మొలతాడుకు ఉంటుంది. ముడి విప్పి ఇచ్చాడు. మంచం మీద రిచర్డ్ కళ్లు తెరిచి చూశాడు. మామను చూశాడు, డాక్టరును చూశాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

జకరయ్య మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి పాపన్నపేట ఆగమ్మ తన సీసాను గట్టు మీద పెట్టేసి ఉంది. మనవడు జ్వరంతో ఆమె భుజం మీద వాలి ఉన్నాడు.

"నాకొద్దు తీ," అంది. "నువ్వు ఓ గుక్క తాగి సూపియ్యి, అప్పుడు కొండవోత."

జకరయ్య మూత తీసి ఒక మెట్టు దాకా తాగాడు. చేదుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆగమ్మ ఆ కళ్లను పరీక్షగా చూసింది.

"చేదుదేముంది అయ్యా, నీళ్లల్ల యాపాకు పిండినా చేదుంటది," అని మనవణ్ని సర్దుకుని సర్కారు దవాఖాన దారి పట్టింది. ఆమె వెనక ఇద్దరు లేచిపోయారు.

*

నింద పడ్డ మనిషి చేసే పనులు రెండు. అరుస్తాడు, లేదా మంచం ఎక్కుతాడు. జకరయ్య రెండూ చేయలేదు. రిచర్డ్ మంచం పక్కన మిగిలిన సీసాను ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. కాగితం మీద ఇంకా ఆరు మెట్లు ఉన్నాయి.

గురువారం పొద్దున గంజి తాగి, ఒక మెట్టు మందు తాగాడు. భార్య యేసమ్మ చేట పట్టుకుని నిలబడిపోయింది.

"నీకు జ్వరం లేదు, ఏం లేదు. గదెందుకు తాగుతున్నవ్?"

"వాడు తాగిన సీసా ఇదే. వాని లెక్కనే తాగి, రేపు నా గొట్టం సూపిస్త."

"సార్ కాళ్లు పట్టుకుంటే అయిపోవు గదా."

"నేనేం తప్పు జేసిన్నని?"

యేసమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది. మధ్యాహ్నం రెండో మెట్టు తాగాక చెవుల్లో హోరు మొదలైంది. క్వినైన్ ఒంటికి పట్టిందనడానికి అది గుర్తు. ఎంతమంది రోగులకు చెప్పాడో, "చెవులు గుయ్యిమంటే భయపడకుండ్రి, మందు పనిజేస్తుంది" అని. ఇప్పుడు తన చెవులు గుయ్యిమంటుంటే అతనికి ప్రాణం లేచి వచ్చింది. యేసమ్మ పక్కనే ఉండి మాట్లాడినా ఏదో దూరం ఇంట్లో మాట్లాడినట్టు వినిపించింది. పొద్దుగూకేలోపు మూడో మెట్టు తాగాడు.

అప్పుడే తట్టింది. రిచర్డ్ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా చెవుల మాట ఎత్తలేదు.

శుక్రవారం ఒక చేతిలో తన మూత్రం సీసా, ఇంకో చేతిలో రిచర్డ్ మందు సీసా పట్టుకుని అందరికంటే ముందు వెళ్లాడు. డాక్టరు విసుగ్గానే మూత్రం గొట్టంలోకి వంచి ద్రావకం వేశాడు. రెండో చుక్కకే తెల్లగా విరిగింది. గొట్టం అవతల డాక్టరు వేలు కూడా కనిపించలేదు.

"ఏ సీసాల తాగినవ్?"

"రిచర్డ్ సీసాలనే సార్. కాగితం సూడుండ్రి, ఇంకా మూడు మెట్లున్నయ్."

డాక్టరు సీసాను తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తప్పయిందని ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని జకరయ్య నిలబడ్డాడు. డాక్టరు తన గదిలోకి పోయి అరగంట సేపు తలుపు వేసుకున్నాడు. తర్వాత వచ్చి రిచర్డ్ మంచం చుట్టూ తెర లాగాడు. తెర వెనక గుసగుస. ఎప్పుడూ వరండా దాకా వినపడే గొంతు ఆ రోజు ఒక్క మాట బయటికి రానివ్వలేదు.

తెర తీసి జకరయ్య చేతికి చీటీ ఇచ్చాడు. "కాగితం కత్తిరించు. పూటకు రెండు మెట్లు."

మందు మారలేదు. సోమవారం జకరయ్య స్వయంగా కలిపిన పెద్ద జాడీలోదే. డాక్టరే తాళం తీసి సీసాలోకి పోసి, మళ్లీ తాళం వేసుకున్నాడు.

జకరయ్య కాగితం మడిచాడు. కత్తెర పెట్టాడు. సగం గాటు మీద చెయ్యి ఆగిపోయింది. ఆ జాడీలో ఉన్నది నీళ్లే అని ఈయన నమ్మితే, నీళ్లను రెండింతలు ఎందుకు తాగిస్తున్నాడు?

నమ్మడం లేదు. నా మందు మంచిదని ఈయనకు తెలిసిపోయింది. తెలిసీ నోరు విప్పడం లేదు.

మొదటి రోజు మాట కంటే ఈ మౌనమే జకరయ్యకు ఎక్కువగా తగిలింది. ఆ మాట తెలియక అన్నది.

*

శనివారానికి రిచర్డ్ జ్వరం దిగింది. చెవులు గుయ్యిమంటున్నాయని వాడే చెప్పాడు. ఎలిశిబా వచ్చి కొడుకును ఇంటికి తీసుకుపోయింది. వరండా ఖాళీ అయ్యాక జకరయ్య డాక్టరు గదిలోకి పోయి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

"నీళ్లు రెండింతలు తాగితే మలేరియా తగ్గుతదా సార్?"

డాక్టరు సొరుగులోంచి ఇంగ్లీషు వైద్య పత్రిక తీసి ముందుకు తోశాడు. ఒక పేజీ మూల మడిచి ఉంది, పెన్సిలు గీతలున్నాయి. జకరయ్య కూడబలుక్కుని చదవబోతే డాక్టరే చెప్పాడు.

"క్వినైన్ చెట్టు బెరడుకెల్లి వచ్చిన మందు గదా. ఒంట్లకు పోయిన అసోంటి పరాయి దాన్ని సూసి కార్జం, అంటే లివర్, ఊకోదు. కార్జంల ఎంజైమ్ అని ఒకటుంటది. అది క్వినైన్‌ను పట్టి, ఆక్సిజన్ తగిలిచ్చి, వేరే పదార్థం జేస్తది. నాల, నీల, అందరిల జరిగేదే. జర మెల్లగ జరుగుతది కాబట్టి మందుకు పనిజేసే టైం దొరుకుతది."

"మరి రిచర్డ్‌ల?"

"కొన్ని గోలీలు రోజూ వేసుకుంటే ఆ ఎంజైమ్ ఎక్కువైతది. అప్పుడు మందు రక్తంల నిలవకముందే కార్జం తినేస్తది. ఎంత తాగినా జ్వరానికి అందది, గొట్టంల కనవడది."

"ఏం గోలీలు?"

డాక్టరు బల్ల మీది సీసా మూతను అటూ ఇటూ తిప్పాడు. "లూమినల్."

లూమినల్ ఎందుకు వేస్తారో కంపౌండర్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. మూర్ఛకు వేస్తారు. ఆ చిన్న తెల్ల గోలీలు మాత్రం డాక్టరు సొరుగులో ఉంటాయి, బీరువాలో కాదు. ఎవరికి ఎన్ని పోతున్నాయో జకరయ్య ఎప్పుడూ అడగలేదు.

"వానికి ఫిట్స్ ఉన్నయా సార్?"

"రెండేండ్ల సంది."

"మరి లైసెన్సు సర్టిఫికెట్..."

హెవీ లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. నిరుడు ఎండాకాలం ఇదే బల్ల మీద అది రాసింది జకరయ్యే. తన దస్తూరి ముత్యాలలా ఉంటుందని దవాఖాన సర్టిఫికెట్లన్నీ డాక్టరు అతని చేతే రాయించేవాడు. 'మూర్ఛ మొదలైన వ్యాధులు లేవు' అన్న వాక్యం కింద డాక్టరు సంతకం పెట్టాడు. మేనల్లుడి సర్టిఫికెట్ కదా అని ఆ రోజు ఇంకొంచెం అందంగా రాశాడు.

"మీ చెల్లె వచ్చి ఏడ్చింది జకరయ్యా. పోరడు మంచోడు, గోలీలు వేసుకుంటే ఏం గాదనుకున్న. ఇప్పుడు మందు ఎందుకు పట్టలేదో బయటికి జెప్తే లూమినల్ మాట వస్తది. లూమినల్ వస్తే సర్టిఫికెట్ వస్తది." తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇగో, తీస్కో. సోమవారం నుంచి ఎప్పటి లెక్కనే కూసో. జనం పది దినాల్ల మర్చిపోతరు."

"నలుగుట్ల అన్న మాట నలుగుట్ల తీస్కోండ్రి సార్."

"ఎట్ల తీస్కుంట? మరెందుకు తగ్గలే అని అడుగుతరు."

జకరయ్య తాళంచెవి వైపు చూశాడు. ముట్టుకోకుండా లేచాడు.

"మీకు రోగుల ముంగట ఇజ్జత్ ఉన్నది. నాకు లేదనుకున్నరు," అని చెప్పులు వేసుకున్నాడు.

నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్లాడు. రిచర్డ్ పీట మీద కూర్చుని జావ తాగుతున్నాడు. మామను చూసి గిన్నె కింద పెట్టాడు. ఎలిశిబాకు అన్న మొహం చూడగానే అర్థమైపోయింది. తలుపు దగ్గరికి వేసింది.

"ఆఖరుసారి ఎప్పుడొచ్చింది వీనికి?"

"క్రిస్మస్ ముంగట. ఇంట్లనే అన్నా, బస్సుల గాదు."

"అప్పటికే బస్సు ఎక్కిండు గదా."

ఎలిశిబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పోయాక ఈ పిల్లవాణ్ని ఎలా పెంచిందో జకరయ్యకు ఎవరూ చెప్పనక్కరలేదు. సగం పెంచింది తనే.

"నన్ను నీళ్లు గలిపెటోడంటుంటే నువ్వు మంచం మీదనే ఉన్నవ్ గదరా," అన్నాడు. "మామా, గోలీ వేసుకుంటున్న అని నా చెవుల అంటే అయిపోవు."

రిచర్డ్ జావ గిన్నె వైపే చూస్తూ, "శుక్రవారం దాకా నాకూ తెల్వదు మామా, దానికీ దీనికీ సంబంధమున్నదని," అన్నాడు.

"శుక్రవారం తెలిసింది గదా. ఇయ్యాల శనివారం."

ఎలిశిబా వచ్చి అన్న ముందు కూర్చుని చేతులు పట్టుకుంది.

"రేపు చర్చిల సాక్ష్యం చెప్తడు. మా మామ మందు మంచిదే, నా ఒంటికే పట్టలే అని అందరి ముంగట నీ పేరు దీస్తడు. నీకు గంతే గదా కావాల్సింది? ఫిట్స్ మాట మాత్రం రానియ్యకు. బస్సు కూడ ఇడుస్తడు. సేటును అడిగి టికెట్లు కొట్టే పనికి పోతడు. నా మీద ఒట్టు."

జకరయ్య మేనల్లుడి వైపు చూశాడు. వాడు తల ఊపాడు. ఆ ఊపును జకరయ్య నమ్మాడు. సొంత మనుషులు ఒట్టేసి చెబితే నమ్మకుండా ఉండటం అతనికి చేతకాదు.

*

వాళ్ల వాడలోని చిన్న చర్చిలో ఒక పద్ధతి ఉంది. జబ్బు నుంచి లేచిన మనిషి ఆ ఆదివారం నిలబడి, ఏ జబ్బు వచ్చిందో, ఎవరు ఆదుకున్నారో పేరు పేరునా చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. అక్కడ చెప్పిన మాట వాడలో రాతకోతల కంటే గట్టిది.

నెల మొదటి ఆదివారాలు ప్రభురాత్రి భోజనానికి చిన్న చిన్న గాజు గిన్నెల్లో ద్రాక్షరసం పోసేది జకరయ్యే. నలభై గిన్నెల్లో ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా పోయడం కంపౌండర్ చేతికే సాధ్యం. ఆ రోజు ఎప్పటిలాగే చేతులు కడుక్కుని వెనక గదిలోకి పోతే, సంఘ పెద్ద పేతురు అప్పటికే జగ్గు వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

"ఈ తాప సుశీల పోస్తది లే," అన్నాడు, జకరయ్య చేతుల వైపు చూడకుండా. "నాలుగు దినాలు పోనీ."

జకరయ్య తడిచేతులతోనే వచ్చి యేసమ్మకు కనిపించేలా మగవాళ్ల వైపు బెంచీ మీద కూర్చున్నాడు. పర్లేదు, ఇంకాసేపట్లో సాక్ష్యం ఉంది అనుకున్నాడు.

రిచర్డ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని లేచాడు. ఎలిశిబా ఆడవాళ్ల వైపు ముందు వరసలో తల వంచుకుని ఉంది.

"ఆరు దినాలు సావు బతుకుల మధ్యల ఉన్న," అని మొదలుపెట్టాడు. "మొదట్ల ఇచ్చిన మందు పనిజెయ్యలే. ఇంద్రకరణ్ సార్ మందు మార్చి ఇచ్చిండు. మా అమ్మ ప్రార్థన దేవుడు విన్నడు. దేవుని దయతోని రేపు పొద్దుగాల మళ్ల బస్సు ఎక్కుతున్న."

అందరూ స్తోత్రం అన్నారు. కొన్ని తలలు వెనక్కి తిరిగి జకరయ్యను చూసి, మళ్లీ ముందుకు తిరిగాయి.

మందు మార్చి. జకరయ్యకు ఆ రెండు మాటలు మింగుడుపడలేదు. మారిందని వాడు నిజంగా అనుకున్నాడా? అదే జాడీ, అదే చేదు. వాడి నాలుకకు తెలియదా? బెంచీ అంచు పట్టుకున్నాడు. లేచి నిలబడి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. మేనల్లుడు అబద్ధం చెప్పిన చోట తను కేకలేసి నిజం చెప్పడం సిగ్గుచేటు అనిపించింది. ఎవరి సిగ్గో అతనికే తెలియలేదు.

బయట మెట్ల దగ్గర ఎలిశిబా అతన్ని తప్పించుకుని గబగబా నడిచింది. చిన్నప్పుడు తను వేలు పట్టి నడిపించిన చెల్లెలు చెప్పులు సరిగా వేసుకోకుండానే పోయింది.

ఇంట్లో యేసమ్మ కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

"రాయి. లక్ష్మయ్య సేటుకు అంతా రాయి. నీ మందు సంగతి సుత రాయి."

జకరయ్య రాశాడు. రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. రాసింది మూడే వాక్యాలు. యేసమ్మ చదివి మళ్లీ తిప్పి చూసింది, వెనక ఏమైనా ఉందేమోనని.

"నీ మందు మాట ఏది?"

"అది రాస్తే, నా పేరు కోసం రాసిండంటరు. సేటు మా ఇంటి పంచాయితీ అనుకోని కాగితం పక్కకు వెడ్తడు. బస్సు పోతనే ఉంటది."

"మరి నీకేం వచ్చె?"

జకరయ్య పెన్నుకు మూత పెట్టాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

సోమవారం ఆరింటికి బస్టాండులో పాపన్నపేట బస్సు ఇంజను ఆడుతోంది. పైన గంపలు, లోపల సగం దాకా జనం. రిచర్డ్ ఖాకీ చొక్కాతో స్టీరింగు ముందు కూర్చుని అద్దం తుడుస్తున్నాడు. లక్ష్మయ్య సేటు చాయ్ బండి దగ్గర నిలబడి కాగితం చదివాడు. ఒకసారి చదివి, జకరయ్యను కింది నుంచి పై దాకా చూసి, మళ్లీ చదివాడు.

"రిచర్డ్ లైసెన్సు సర్టిఫికెట్ రాసింది నా చెయ్యి. అందులో మూర్ఛ లేదని రాసిన మాట నిజం కాదు. అతన్ని బస్సు నడపనీయవద్దు. ఇట్లు, జకరయ్య." అంతే ఉంది అందులో.

"నువ్వు వానికి ఏమైతవ్?"

"మేనమామను."

"మేనమామవై గిట్ల రాసినవా?"

"రాసినందుకే వచ్చిన సేటూ. మొదాలు రాసింది తప్పు."

సేటు చాయ్ గ్లాసు పెట్టేసి బస్సు దగ్గరికి పోయాడు. డ్రైవరు తలుపు తీసి, "ఫిట్స్ ఉన్నయారా నీకు?" అని అడిగాడు.

రిచర్డ్ సేటును చూడలేదు. చాయ్ బండి దగ్గర ఉన్న మామను చూశాడు. లేవు అంటాడని జకరయ్య ఎదురుచూశాడు. వాడు అనలేదు. ఇంజను ఆపి, తాళం తీసి సేటు చేతిలో పెట్టి దిగాడు. మామ పక్క నుంచే నడిచిపోతూ, "అమ్మ మొహం నువ్వే చూస్కో," అన్నాడు.

సేటు పాత డ్రైవరు నర్సింగంను ఇంటి నుంచి పిలిపించాడు. ముప్పావు గంట పట్టింది. జనం విసుక్కున్నారు, పిల్లలు ఏడ్చారు. ఎందుకు ఆపారని ఒకరినొకరు అడిగారు. సేటు ఎవరికీ చెప్పలేదు. తన బస్సు డ్రైవరుకు మూర్ఛ ఉండేదని ఏ యజమానీ బస్టాండులో చెప్పుకోడు. జకరయ్య పోకుండా అక్కడే నిలబడ్డాడు. బస్సు కదిలేదాకా చూడాలనిపించింది.

నర్సింగం ఎక్కి గేరు వేశాడు. రెండో కిటికీలో ఆగమ్మ ఉంది, ఒళ్లో మనవడు. పిల్లవాడికి జ్వరం తగ్గినట్టుంది, బిస్కెట్టు కొరుకుతున్నాడు. ఆమె జకరయ్యను గుర్తుపట్టింది. పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచి, వినపడుతుందన్న వెరపు లేకుండా అంది.

"గా చాయ్ బండి కాడున్నడు సూడు, గాయినే. మందుల నీళ్లు గలిపెటోడు."

పక్కనామె కిటికీలోంచి మెడ చాపి చూసింది. ఆమె వెనక సీటులోవాళ్లు కూడా చూశారు. బస్సు వెనక్కి వచ్చి మలుపు తీసుకోవాలి, దానికి చోటు చాలడం లేదు. నర్సింగం హారను కొట్టాడు.

జకరయ్య రెండడుగులు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.